పార్టీ మారిన ఎమ్మెల్యేని అడిగేదెవరు? మొక్క ఎండితే సర్పంచిని మాత్రం అడుగుతారు!

మంజీర_ఒడ్డు (ఆగస్టు 3, 2025)

జూలై 31 నాటి సుప్రీంకోర్టు తీర్పు అందరూ చూసే ఉంటారు. బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లారన్న పది మంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలని చెప్పింది. టీవీల్లో ఒక వర్గం పండగ చేసుకుంటోంది, ఇంకో వర్గం మాకేం కాదులే అంటోంది.

నేను వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నా. పోలింగ్ జరిగింది 2023 నవంబర్ 30న. కోర్టు ఇచ్చిన గడువు అక్టోబర్ నెలాఖరుకి అయిపోతుంది. అంటే ఐదేళ్ల పదవిలో రెండేళ్లు దాదాపు హారతి కర్పూరం. దానం నాగేందర్ గారు ఖైరతాబాద్‌లో కారు గుర్తు మీద గెలిచి, ఆరు నెలలు తిరక్కుండానే సికింద్రాబాద్ లోక్‌సభకి చెయ్యి గుర్తు మీద నిలబడ్డారు. అక్కడ ఓడిపోయి మళ్లీ అసెంబ్లీకి వచ్చి కూర్చున్నారు. ఎమ్మెల్యే పదవికి రాజీనామా మాత్రం చేయలేదు. దీనికి విచారణ ఏం కావాలి, సాక్ష్యం ఏం కావాలి? నామినేషన్ పత్రం చాలదా?

ఇక మా ఊరి సంగతి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే సర్పంచి పదవికే ఎసరు. కలెక్టర్ ఒక్క ఆర్డరుతో సస్పెండ్ చేయగలడు. ఆ చట్టాన్ని పాస్ చేసింది ఎమ్మెల్యేలే. తమ మీద మాత్రం అలాంటి రూలు ఒక్కటీ పెట్టుకోలేదు.

ఇదెక్కడి న్యాయమో ఎవరైనా చెప్పండి.

పల్నాటి_పులి

న్యాయం సంగతి తర్వాత అన్నా. ఓటుకి రెండు వేలు తీసుకున్నోడు ఎమ్మెల్యేని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? మొదట ఓటరు మారాలి.

మంజీర_ఒడ్డు

ఈ మాట ఎప్పుడూ వచ్చేదే తమ్ముడూ. నేను తీసుకోలేదు, నా ఇంట్లో ఎవరూ తీసుకోలేదు. మాకైనా అడిగే హక్కు ఉందా, లేదా? తీసుకున్నవాళ్ల పేరు చెప్పి తీసుకోనివాళ్ల నోరు కూడా మూయించడం బాగా అలవాటైంది.

ఓరుగల్లు_వకీలు

సమాధానం కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

పార్టీ ఫిరాయింపులని ఆపడానికి రాజ్యాంగంలో పదో షెడ్యూల్ 1985లో 52వ సవరణతో వచ్చింది. మొదట్లో మూడో వంతు మంది చీలితే అనర్హత ఉండేది కాదు. 2003లో 91వ సవరణ ఆ కిటికీని మూసేసింది. మూడింట రెండు వంతుల మంది విలీనం అనే తలుపు మాత్రం తెరిచే ఉంది. మన దగ్గర ఆ తలుపులోంచే మూటలు మూటలుగా వెళ్లారు. 2014లో టీడీపీకి తెలంగాణలో 15 సీట్లు వచ్చాయి. ముందు ఒకరు, తర్వాత ఇద్దరు, అలా అలా కలిపి 12 చేసి 2016లో టీఆర్ఎస్‌లో విలీనం అన్నారు. 2018లో కాంగ్రెస్‌కి 19 వచ్చాయి. ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు నల్గొండ ఎంపీగా గెలిచి ఎమ్మెల్యేకి రాజీనామా చేయడంతో 18 అయ్యాయి. 18లో మూడింట రెండు వంతులు ఎంత? సరిగ్గా 12. 2019 జూన్‌లో 12 మంది విలీనానికి స్పీకర్ ఆమోదం వచ్చేసింది. అనర్హత పిటిషన్ అయితే ఏళ్లు పడుతుంది, విలీనం ఫైలు అయితే రోజుల్లో కదులుతుంది. అదే ఆఫీసు, అదే కుర్చీ.

ఈసారి బీఆర్ఎస్ గెలిచింది 39. విలీనం కావాలంటే 26 మంది కావాలి. వెళ్లింది పది మందే. అందుకే ఎవరూ విలీనం ఊసెత్తడం లేదు. అసలు పార్టీయే మారలేదని వాదిస్తారు చూడండి. సీఎంని నియోజకవర్గ అభివృద్ధి కోసం కలిశాం, ఆయన మర్యాదకి కండువా కప్పారు అంటారు.

ఇక కోర్టు విషయం. 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో, ఈ పనిలో స్పీకర్ ఒక ట్రిబ్యునల్ లాంటివాడు, ఆయన నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చు అని తేల్చారు. ఇక్కడే మెలిక ఉంది. నిర్ణయం ఉంటేనే కదా సమీక్ష! నిర్ణయమే తీసుకోకుండా కూర్చుంటే? 2020లో మణిపూర్ కేసులో మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని సుప్రీం చెప్పింది. అప్పటికీ తేల్చకపోతే అదే ఏడాది మార్చిలో ఫిరాయించి మంత్రి అయిన శ్యామ్‌కుమార్‌ను మంత్రి పదవి నుంచి తప్పించి, అసెంబ్లీలో అడుగు పెట్టొద్దని కోర్టే ఆదేశించింది. ఆ తర్వాత పది రోజులకి స్పీకర్ గారు అనర్హత వేటు వేశారు. అంతవరకు దొరకని తీరిక అప్పుడు దొరికింది.

2014లో టీడీపీ మీద సనత్‌నగర్‌లో గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ గారు అదే డిసెంబర్‌లో టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఆయన మీద అనర్హత వేటు మాత్రం పడలేదు. మణిపూర్ తీర్పు అప్పటికి లేదు, అంతే తేడా.

గోదారి_గట్టు

వకీలు గారూ, తెలంగాణ ఒక్కటే కాదండీ. మా వైపు 2014లో వైఎస్సార్సీపీకి 67 సీట్లు వస్తే 23 మంది టీడీపీలోకి వెళ్లారు. వాళ్లలో నలుగురికి 2017 ఏప్రిల్‌లో మంత్రి పదవులు. 2019లో టీడీపీకి వచ్చిన సీట్లు ఎన్నో గుర్తుందా? 23. దేవుడి స్క్రిప్టు అని అప్పట్లో ఊరూరా చెప్పుకున్నారు.

సరే, కొత్త ప్రభుత్వం వచ్చింది. మా పార్టీలోకి రావాలంటే రాజీనామా చేసి రావాలి అని జగన్ గారు అసెంబ్లీలోనే అన్నారు. విని మేమంతా అబ్బో అనుకున్నాం. తర్వాత టీడీపీ ఎమ్మెల్యేలు నలుగురు, జనసేనకి ఉన్న ఒక్కరూ అధికార పార్టీ పక్కన తేలారు. కండువా కప్పుకోలేదు కాబట్టి మారినట్టు కాదట. ఆఖరికి 2024 ఫిబ్రవరి 26న స్పీకర్ తమ్మినేని గారు ఆ నలుగురు టీడీపీ వాళ్లనీ, ఇటు నుంచి అటు వెళ్లిన నలుగురు వైఎస్సార్సీపీ వాళ్లనీ కలిపి ఎనిమిది మందిని అనర్హులని ప్రకటించారు. ఎన్నికల షెడ్యూల్ మూడు వారాల్లో వచ్చింది. పెళ్లి అయ్యాక ముహూర్తం పెట్టినట్టు!

పల్నాటి_పులి

అదే నేననేది. 23 మందికి జనమే బుద్ధి చెప్పారు. కోర్టులెందుకు?

లెక్కల_మనిషి

పులి గారూ, ఆ మాట సగమే నిజం.

తెలంగాణలో 2019లో విలీనమైన 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 2023లో ఏమయ్యారో చూడండి. ఆసిఫాబాద్ ఆత్రం సక్కు గారికి టికెటే రాలేదు. తొమ్మిది మంది ఓడారు. మహేశ్వరంలో సబితా ఇంద్రారెడ్డి గారు, ఎల్బీనగర్‌లో సుధీర్ రెడ్డి గారు గెలిచారు. జనం ఫిరాయింపుని శిక్షించారు అనుకుంటే ఈ ఇద్దరిని ఎందుకు వదిలేశారు? హైదరాబాద్ చుట్టుపక్కల బీఆర్ఎస్ గాలి ఉంది కాబట్టి. కొల్లాపూర్, కొత్తగూడెం, పినపాక వైపు ఆ గాలి లేదు కాబట్టి అక్కడ ఓడారు. 2019లో ఆంధ్రలోనూ ఫిరాయించనివాళ్లు కూడా కుప్పలుగా ఓడారు. గాలి ఎటు వీస్తే అటు పడిన ఓట్లని ఫిరాయింపు మీద తీర్పు అని రాసుకోలేం.

ఇంకోటి. ఐదేళ్లు మంత్రిగా చేసి, సంపాదించుకోవాల్సింది సంపాదించుకుని ఆ తర్వాత ఓడిపోతే అది శిక్షా?

మాజీ_సర్పంచి_2019

పేరు చూస్తే తెలుస్తుంది కదా, నేను 2019 జనవరిలో గెలిచినవాణ్ణి. పార్టీ గుర్తు లేని ఎన్నిక మాది. నా గుర్తు ఉంగరం.

శిక్ష గురించి మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నా. నా గౌరవ వేతనం మొదట ఐదు వేలు, తర్వాత 6,500. ఎమ్మెల్యేకి నెలకి రెండున్నర లక్షలు. అది కాదు బాధ. వైకుంఠధామం (శ్మశానవాటిక) కట్టు, డంపింగ్ యార్డు కట్టు, పల్లె ప్రకృతి వనం పెట్టు, ట్రాక్టర్ కొను అని పైనుంచి ఆర్డర్లు వచ్చేవి. కట్టకపోతే షోకాజ్ నోటీసు. కట్టాలంటే డబ్బు ఏది? ముందు నువ్వు పెట్టు, బిల్లు వస్తుంది అనేవారు. పెట్టాను. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టాను. ఎంబీ, అంటే పని కొలతల పుస్తకం, రాయించడానికి ఇంజినీరు (ఏఈ) చుట్టూ తిరగాలి. ఎంబీ అయ్యాక చెక్కు రాసి, ఉపసర్పంచితో రెండో సంతకం పెట్టించుకోవాలి. ఆయన సంతకానికి ఒక రేటు. ఆ చెక్కు ట్రెజరీ ఆఫీసులో (ఎస్టీవో) వేస్తే ఫ్రీజింగ్, చెల్లింపులు ఆపారు అంటారు. నెలలు గడిచేవి.

ఒక రోజు పొద్దున్నే ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చి రోడ్డు పక్కన మొక్కలు లెక్కపెట్టింది. మేకలు తిన్నవి, ఎండిపోయినవి, కరెంటోళ్లు తీగల కింద కొట్టేసినవి, అన్నీ నా ఖాతాలోనే. నాకూ, కార్యదర్శికీ ఒకేసారి నోటీసు. అదే రోడ్డు మీద ఎమ్మెల్యే గారు శంకుస్థాపన చేసిన బ్రిడ్జి శిలాఫలకం ఉంది. బ్రిడ్జి లేదు. దాన్ని లెక్కపెట్టడానికి ఏ స్క్వాడూ రాలేదు.

2024 ఫిబ్రవరి 1తో మా పదవీకాలం అయిపోయింది. బిల్లులు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు ఊరికి స్పెషల్ ఆఫీసర్. ఆయనకి మా ఊరితో పాటు ఇంకా ఊళ్లున్నాయి, సొంత డ్యూటీ వేరే ఉంది. వీధిలైటు పోతే జనం ఇప్పటికీ నా ఇంటికే వస్తారు.

మంజీర_ఒడ్డు

అన్నా, ఆ చివరి మాట నూటికి నూరు శాతం నిజం. రాష్ట్రంలో 12,700కి పైగా పంచాయతీలు ఏడాదిన్నరగా సర్పంచి లేకుండా నడుస్తున్నాయి. సెప్టెంబర్ 30లోపు ఎన్నికలు పూర్తి చేయాలని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. అసెంబ్లీ ఎన్నిక ఒక్క నెల ఆలస్యమైతే ఊరుకుంటారా?

గోదారి_గట్టు

మా దగ్గర 2021లో సర్పంచులు ఉన్నారు గానీ ఖాతాలో డబ్బు లేదండీ. ఆర్థిక సంఘం నిధులు వస్తే కరెంటు బకాయిల కింద ప్రభుత్వమే సర్దేసింది. సర్పంచులు భిక్షాటన చేసి నిరసన తెలిపారు. పక్కన సచివాలయం, ఇంటింటికీ వాలంటీరు. జనానికి పింఛను ఇచ్చేది వాలంటీరు, సర్టిఫికెట్ ఇచ్చేది సచివాలయం. ఇక సర్పంచి దగ్గరికి ఎవరొస్తారు, డ్రైనేజీ గురించి తిట్టడానికి తప్ప!

పల్నాటి_పులి

మాట పక్కదారి పడుతోంది. అసెంబ్లీకి రాని ఎమ్మెల్యేల సంగతి మాట్లాడరేం? ఆంధ్రలో వైఎస్సార్సీపీ నుంచి 11 మంది గెలిచి అసలు సభకే రావడం లేదు. 60 రోజులు రాకపోతే సీటు పోతుందని రాజ్యాంగంలో లేదా వకీలు గారూ?

ఓరుగల్లు_వకీలు

ఉంది, 190(4). సభ అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే ఆ సీటు ఖాళీ అని సభ ప్రకటించవచ్చు. ప్రకటించి తీరాలని లేదు. పైగా సమావేశాలు ముగించేసి సభ ప్రోరోగ్ అయిన రోజులు, వరసగా నాలుగు రోజులకి మించి వాయిదా పడిన రోజులు ఆ లెక్కలోకి రావు. మన అసెంబ్లీలు ఏడాదికి కూర్చునే రోజులే తక్కువ కాబట్టి 60 నిండాలంటే ఏళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క రోజు వచ్చి గవర్నర్ ప్రసంగం విని వెళ్తే చాలు అనుకునేవాళ్లూ ఉన్నారు. అది హాజరు కింద వస్తుందా రాదా అన్నది మళ్లీ ఇంకో వాదన.

లెక్కల_మనిషి

ఈ జబ్బుకి పార్టీ లేదు పులి గారూ. 2017లో వైఎస్సార్సీపీ సభని బహిష్కరించింది. 2021 నవంబర్‌లో చంద్రబాబు గారు సీఎం అయ్యాకే మళ్లీ వస్తానని వెళ్లిపోయారు. ఇప్పుడు ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని జగన్ గారు రావడం లేదు. తెలంగాణలో కేసీఆర్ గారు ఓడిపోయాక సభలో కనిపించిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నలుగురు అభిమానులు కొట్టుకోవడానికి తప్ప ఈ పోలిక ఎందుకూ పనికిరాదు.

అసలు దెబ్బ ఎక్కడ తగులుతోందో చెప్పనా? పీఏసీ దగ్గర. ప్రజా పద్దుల సంఘం. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు పట్టుకుని, ఈ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టారని అధికారులని పిలిచి అడిగే కమిటీ. దాని ఛైర్మన్ ప్రతిపక్షం నుంచి ఉండటం ఆనవాయితీ. తెలంగాణలో 2024 సెప్టెంబర్‌లో ఆ కుర్చీ శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరెకపూడి గాంధీ గారికి ఇచ్చారు. రికార్డులో ఆయన బీఆర్ఎస్. అనర్హత పిటిషన్ ఉన్న ఆ పది మందిలో ఆయనా ఒకరు. ఆంధ్రలో ఆ నవంబర్‌లోనే వైఎస్సార్సీపీ ఓటింగ్ బహిష్కరించింది, భీమవరం జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు గారు ఛైర్మన్ అయ్యారు. జనసేన ప్రభుత్వంలోనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఖజానా లెక్కలు అడగాల్సిన కుర్చీలో నికరమైన ప్రతిపక్షం లేదు. ఒక చోట ఫిరాయింపు, ఒక చోట బహిష్కరణ. ఫలితం ఒకటే. దీని మీద ఒక్క టీవీ చర్చ చూశారా మీరు?

డాలస్_శీను

అందరికీ నమస్తే. ఇక్కడ అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో రీకాల్ ఉంది, అంటే గెలిచినవాణ్ణి మధ్యలోనే జనం ఓటేసి దించడం. కాలిఫోర్నియాలో 2003లో గవర్నర్ గ్రే డేవిస్‌ని మధ్యలోనే దించేశారు. 2021లో న్యూసమ్ మీద పెట్టారు, ఆయన నిలబడ్డారు. మన దగ్గర కూడా రీకాల్ పెడితే ఈ తలనొప్పి ఉండదు కదా?

గోదారి_గట్టు

శీను గారూ, అంత దూరం ఎందుకండీ. ఛత్తీస్‌గఢ్‌లో 2008లోనే మున్సిపల్ అధ్యక్షులని జనం ఓటేసి దించారు. హర్యానాలో 2020లో సర్పంచి మీద రీకాల్ తెచ్చారు. చూశారా, అక్కడా సర్పంచి మీదే!

మన దగ్గర మధ్యలో దించడం అంటే ఎలా ఉంటుందో ఏప్రిల్‌లో విశాఖలో చూశాం. అక్కడి నగరపాలక సంస్థ (జీవీఎంసీ) మేయర్ మీద అవిశ్వాసం. కావాల్సిన ఓట్లు 74, సరిగ్గా 74 పడ్డాయి. అంతకు ముందు కొన్ని వారాలు కార్పొరేటర్లు వైజాగ్‌లో ఉంటే ఒట్టు. అందరూ క్యాంపులే. ఆ వార్డుల్లో కుళాయి రాకపోతే ఫోన్ ఎత్తేవాడు లేడు. మేయర్ పనితీరు గురించి ఆ రోజుల్లో ఎవరైనా ఒక్క మాట అన్నారా అంటే లేదు. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, అదే కారణం. 2024లో తెలంగాణ మున్సిపాలిటీల్లోనూ ఇదే తంతు. ఎమ్మెల్యే మీద రీకాల్ పెడితే ఓడినవాడు మర్నాటి నుంచే సంతకాలు కొనడం మొదలెడతాడు.

డాలస్_శీను

అలాగని ఐదేళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలా గోదారి గారూ? క్యాంపు పెట్టేది 98 మంది కార్పొరేటర్లని. రెండు లక్షల ఓటర్లకి ఎవరు క్యాంపు పెడతారు?

గోదారి_గట్టు

క్యాంపు అక్కర్లేదు, కవరు చాలు.

టీచరమ్మ_సూర్యాపేట

అందరూ మగవాళ్లే మాట్లాడుతున్నట్టున్నారు, నేనూ ఒక మాట చెబుతా.

సర్పంచి జవాబుదారీ అంటున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ సగం సీట్లు మహిళలవి. మా మండలంలో గ్రామసభకి వెళ్తే కుర్చీలో సర్పంచి గారి భర్త. ఆవిడ పక్కన నిలబడి ఉంటారు, లేదా ఇంట్లో ఉంటారు. తప్పు జరిగితే నోటీసు ఆవిడ పేరు మీద వస్తుంది. చెక్కు మీద సంతకం ఆవిడది, చెక్కుబుక్కు ఆయన జేబులో. మరి ఎవరిని అడగాలి? చాలా చోట్ల గ్రామసభే జరగదు. తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది, సంతకాలు పెడతాం. మా ఇంటికి వచ్చినప్పుడు నేను చదివాకే పెడతానంటే, ఆ పుస్తకం తెచ్చిన కుర్రాడు "మేడం, ఇంకా నలభై ఇళ్లున్నాయి" అన్నాడు.

సర్పంచులు లేని టైములో మాత్రం ఒక వింత చూశా. ఈ జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాల కోసం నాలుగు రోజులు గ్రామసభలు పెట్టారు కదా. మా స్కూలు ఆవరణలోనే జరిగింది. అధికారి పేర్లు చదువుతుంటే జనం ఒక్కొక్క పేరుకి లేచి నిలబడ్డారు. "ఆయనకి రెండంతస్తుల బిల్డింగు ఉంది", "ఆమె ఊళ్లోనే ఉండదు", "నా పేరేది?" అని. మైకు లాక్కున్నారు. గోలగోల. నాకు మాత్రం భలే అనిపించింది. జాబితా నలుగురిలో చదివితే ఇంత మాట్లాడే జనం ఉన్నారన్నమాట.

ఎమ్మెల్యే విషయానికొస్తే ఆయన మాకు కనిపించేది చెక్కుల పంపిణీలో. కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు ప్రభుత్వం డబ్బు. మా పక్కింటి అమ్మాయి పెళ్లికి అప్లికేషన్ పెట్టారు, మంజూరైంది. ఎమ్మెల్యే గారి టైము దొరక్క చెక్కు ఆగింది. చివరికి ఫంక్షన్ హాల్లో పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా కూర్చోబెట్టి ఇచ్చారు. అమ్మాయి చంకలో ఐదు నెలల బాబు. ఫోటోలో వాడు కూడా ఉన్నాడు. బ్యాంకు ఖాతాలో నేరుగా వేస్తే ఆయనకి పోయేదేమిటి అని అడిగితే మా సార్లు నవ్వారు.

మాజీ_సర్పంచి_2019

ఏం పోతుందమ్మా, ఫోటో పోతుంది.

లెక్కల_మనిషి

టీచరమ్మ గారు చెప్పిన జాబితా చదవడం అన్నదే అసలు మందు. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీకి సామాజిక తనిఖీ పెట్టారు. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థ కూడా వచ్చింది. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్వు ఈ వారం పనికి వెళ్లావా, డబ్బు అందిందా అని అడిగి, మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందు చదువుతారు. దేశమంతా వచ్చి చూసి వెళ్లారు. కాకపోతే నేను చూసిన ప్రజావేదికల్లో రికవరీ రాసేది ఫీల్డ్ అసిస్టెంట్ మీద, టెక్నికల్ అసిస్టెంట్ మీద. అంతకు పైకి వెళ్తే మైకు పనిచేయదు.

అదే తనిఖీ ఎమ్మెల్యే సీడీఎఫ్‌కి, అంటే నియోజకవర్గ అభివృద్ధి నిధికి, ఎందుకు పెట్టకూడదు? తెలంగాణలో 2021లో దాన్ని ఏడాదికి ఐదు కోట్లు చేశారు. ఏ ఊళ్లో ఏ కమ్యూనిటీ హాలు, ఏ బోరు, ఎంత ఖర్చు, ఎవరు కాంట్రాక్టరు? ఈ జాబితా గ్రామసభలో ఎప్పుడైనా చదివారా?

మంజీర_ఒడ్డు

మా నియోజకవర్గం జాబితా నేను తీసుకుంటా. ఎవరిని అడగాలి?

ఓరుగల్లు_వకీలు

జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసు, సీపీవో అంటారు. సమాచార హక్కు కింద పెట్టండి. గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి ఐదు రూపాయలు, జిల్లాకి పది. "వివరాలు ఇవ్వండి" అని గుండుగుత్తగా రాయొద్దు, తప్పించుకుంటారు. ఆర్థిక సంవత్సరం వేసి, పని పేరు, మంజూరైన మొత్తం, చెల్లించిన మొత్తం, పని పూర్తయిన తేదీ, పని చేయించిన శాఖ అని విడివిడిగా అడగండి. ముప్పై రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు.

మాజీ_సర్పంచి_2019

కోర్టు ఫీ స్టాంపు అతికించు తమ్ముడూ. పోస్టల్ ఆర్డర్ అయితే ఎవరి పేరు మీద తీయాలో అదో తకరారు. ఎంబీ కాపీలు కూడా అడుగు, అసలు కథ అందులోనే ఉంటుంది. ఆ బ్రిడ్జి మీ నియోజకవర్గంలోదే, దాని పేరు కూడా రాయి.

పల్నాటి_పులి

అన్నా, ఆ అర్జీ నమూనా ఇక్కడ పెట్టు. మావాడు ఏ పార్టీ అయినా సరే, నేనూ పెడతా.

మంజీర_ఒడ్డు

సోమవారం ఇచ్చి వస్తా. రసీదు చేతికొచ్చాక నమూనా కూడా పెడతా.